ఫొటోలో గురక వినిపించదు

పగటిపూట కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి ఫొటో జిల్లా డెస్కుకు వచ్చిందంటే, దాని కింది రైటప్ ముందే రాసిపెట్టినట్టు ఉంటుంది. ‘గుర్రుపెట్టి నిద్రపోతున్న వాచ్‌మన్’. ‘మొద్దునిద్రలో సిబ్బంది’. రాసేవాళ్లు ఇంకాస్త ఊపు మీదుంటే ‘కుంభకర్ణ నిద్ర’.

ఫొటోలో గురక వినిపించదు. కుంభకర్ణుడిది ఆరు నెలల నిద్ర. ప్లాస్టిక్ కుర్చీలో గోడకు తల ఆనించిన ఆ మనిషిది ఎన్ని నిమిషాలదో రాసినవాళ్లకు తెలియదు. అయినా అచ్చయిపోతోంది. ఇలాంటి రైటప్‌లు దిద్దడమే ఉద్యోగమైనదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: పగటి కునుకు గురించి మన పత్రికలు రాసే తీరు అన్యాయం. ఇన్ని మాటలున్న భాషలో రెండు మూడు తిట్లతో సరిపెట్టడం రాతపనిలో బద్ధకం కూడా.

మా నాన్న గుంటూరు మిర్చియార్డులో హమాలీ. సీజన్లో పొద్దున్నే మొదలైన టిక్కీల (మిర్చి బస్తాల) మోత మధ్యాహ్నం అన్నాలవేళకు ఆగేది. క్యారేజీ తీసుకెళ్లినప్పుడు నేను అక్కడే కూర్చునేదాన్ని. తిన్నాక షెడ్డు నీడలో ఖాళీ గోతం పరుచుకుని, కుడిచెయ్యి తలకింద పెట్టుకుని, తువ్వాలు ముఖం మీద కప్పుకునేవాడు. అది ఎండకూ అడ్డం, మిరప ఘాటుకూ అడ్డం. ఊపిరికి ఆ బట్ట లేచి దిగుతుండేది. ఎడమచెయ్యి మాత్రం కొక్కెం మీదే ఉండేది. రెండు వరుసల అవతల ఎవరో “లారీ పెట్టారు” అంటే చాలు, పేరు పెట్టి పిలవకముందే తువ్వాలు భుజం మీదికి వెళ్లిపోయేది. దాన్ని మాగన్ను అంటారు. కన్ను మూతపడుతుంది, చెవి మేలుకునే ఉంటుంది. అది చూసి గాఢనిద్ర అని రాస్తే అబద్ధం రాసినట్టే.

పనిలేని రోజు మధ్యాహ్నం మేస్త్రి కబురు పంపితే అమ్మ నాకు జవాబు నేర్పి మరీ పంపేది. “నాన్న పడుకున్నాడని చెప్పమాక. ఇప్పుడే నడుం వాల్చాడని చెప్పు.” పట్టపగలు పడుకున్నాడంటే జ్వరమన్నా వచ్చుండాలి, పనిదొంగన్నా అయ్యుండాలి. నడుం వాల్చాడంటే అప్పటిదాకా నడుం వంచాడని వినేవాళ్లకు తెలుస్తుంది. బడిమెట్లెక్కని మా అమ్మకు ఈ తేడా తెలుసు.

కూర్చున్నచోటే తల ముందుకు పడి లేస్తుంటే కునికిపాట్లు. బస్సు కుదుపులకు ఒళ్లు అటూ ఇటూ ఊగుతుంటే జోగడం. పసిబిడ్డ తల్లికి రెండు పనుల మధ్య దొరికేది కోడికునుకు. భుక్తాయాసం అనే మాట కడుపునిండా తిన్నవాళ్లకే వాడాలి. మధ్యాహ్నం ఒకటి నుంచి మూడు దాకా వచ్చే మగత అన్నం తిననివాళ్లకూ వస్తుంది, అది ఒంట్లోని గడియారం పని.

అన్నిటికన్నా జాగ్రత్తగా వాడాల్సింది కునుకునే. కునుకు తీశాడంటే తనకు తానుగా తీశాడు. కునుకు పట్టిందంటే అతని ప్రమేయం లేదు. లారీని రోడ్డు పక్కకు దించి, చెట్టు కింద కునుకు తీసిన డ్రైవర్ చేసింది బాధ్యత గల పని. అదే మనిషికి స్టీరింగ్ మీద కునుకు పడితే, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లకే బండి 60 మీటర్లు దాటి పోతుంది. మనమేమో ప్రతి ప్రమాదానికీ ‘డ్రైవర్ నిద్రమత్తు’ అని ఒకే ముద్ర వేస్తాం. అతను ఎన్ని గంటలుగా బండి మీద ఉన్నాడు, మార్చుకోవడానికి రెండో డ్రైవర్ ఉన్నాడా, సరుకు ఎప్పటికల్లా దించమన్నారు అనేవి ఎవరూ అడగరు. రెప్ప వాలితే ప్రాణాలు పోయే ఉద్యోగాలున్నాయి, అక్కడ నిలదీయాల్సిందే. ఆ నిలదీత డ్యూటీ చార్టు వేసినవాళ్ల దాకా వెళ్లాలి.

ఇవే పత్రికల ఆరోగ్యం పేజీల్లో పగటి కునుకు పేరు ‘పవర్ న్యాప్’. ఇరవై నిమిషాలు చాలని, బుర్ర చురుగ్గా పనిచేస్తుందని, చక్కని సోఫాలో ఒరిగిన ఉద్యోగి బొమ్మ వేసి రాస్తాం. రాసింది నిజమే. దూరప్రయాణ విమానాల పైలట్లకు కాక్‌పిట్లో సీటు మీదే 40 నిమిషాల విరామం ఇచ్చి నాసా పరిశీలిస్తే, వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. విరామం దొరకని పైలట్ల కన్నా తర్వాత చురుగ్గా ఉన్నారు. 1994లో వచ్చిన ఆ నివేదికను ఎవరూ మొద్దునిద్ర కింద జమకట్టలేదు. అదే మర్యాద హమాలీకీ, వాచ్‌మన్‌కూ, రాత్రి డ్యూటీ దిగని ఆస్పత్రి ఆయాకూ దక్కాలి.

పగటినిద్ర మన సంప్రదాయం కాదని చరకుణ్ణి అడ్డుపెట్టుకునేవాళ్లు చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం చూడాలి. బరువులు మోసి డస్సినవాళ్లకూ, దారి నడిచి అలసినవాళ్లకూ, వృద్ధులకూ, బాలలకూ అక్కడ పగటినిద్ర తగునన్నారు. వేసవిలో రాత్రులు చిన్నవి కాబట్టి ఆ రుతువులోనూ తగునన్నారు. ఇక చట్టం సంగతంటారా, 1948లోనే ఫ్యాక్టరీల చట్టం ఐదు గంటల పని దాటకుండా అరగంట విరామం ఇవ్వాలంది. 150 మందికి మించి పనిచేసేచోట విశ్రాంతి గది ఉండాలంది.

జిల్లాల్లో పనిచేసే విలేకరి మిత్రులకు నా మనవి ఇదే. ఫొటో తీశాక ఆ మనిషి లేచేదాకా ఆగండి. డ్యూటీ ఎప్పుడెక్కాడో, అతన్ని దింపేవాళ్లు ఎప్పుడొస్తారో అడగండి. రాత్రి ఎనిమిదింటికి ఎక్కి మర్నాడు మధ్యాహ్నం రెండైనా దిగనివాడైతే రైటప్ మొదటి వాక్యం అదే కావాలి. కునికిపాట్లు చూస్తే కునికిపాట్లనీ, నడుం వాల్చడం చూస్తే నడుం వాల్చాడనీ రాయండి. అతని ముఖం గుర్తుపట్టేలా వేయకండి. ఆ తర్వాత లోపలికి వెళ్లి, ఇక్కడ పనివాళ్లకు విశ్రాంతి గది ఎక్కడుందని మేనేజరును అడిగి, ఆయన చెప్పిన జవాబును ఫొటో పక్కనే పేరుతో సహా వేయండి.