పుట్టుకను చూసి ఇచ్చే కొలువుకు టీచర్ ఉద్యోగమని పేరెందుకు?



పోస్టు కొంచెం పొడుగే. బీఈడీ అయినోళ్లు, ఎం.ఏ. ఇంగ్లీష్ చదువుతున్నోళ్లు మాత్రం ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

"విదేశాల్లో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం మనకు వస్తదా?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. అడగడంలో తప్పేం లేదు. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. దాన్నే నమ్ముకుని చదివినోళ్లు ఉట్నూరులో ఉన్నారు, భద్రాచలంలో ఉన్నారు, పాడేరులో ఉన్నారు. సొంతూరి బడిలో దారి మూసుకుపోయినోడు సముద్రం అవతలికి చూస్తే అది ఆశపోతుతనం కాదు. "చదువుకుని జాతిని వదిలేసి పోతారా" అని గద్దించే పెద్దలకు మేం చెప్పేది ఒకటే. ముందు ఇక్కడ పోస్టు చూపించండి, గద్దించడం తర్వాత.

మా కోపం వేరే చోట ఉంది. దక్షిణ కొరియా సంగతి చూడండి. అక్కడ ఇంగ్లీష్ చెప్పడానికి ఇచ్చేది ఈ-2 వీసా. అది ఏడు దేశాల పౌరులకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. డిగ్రీ ఏ సబ్జెక్టులో అయినా ఫర్వాలేదు. జువాలజీ చదివిన కెనడా పిల్లగాడికి తలుపు తీస్తారు. ఎం.ఏ. ఇంగ్లీష్, బీఈడీ, అయిదేళ్లు పాఠం చెప్పిన అనుభవం ఉన్న మన అక్కకు తియ్యరు. 2010లో అమల్లోకొచ్చిన సెపా అనే భారత్-కొరియా ఒప్పందంలో మనోళ్లకు ఒక చిన్న సందు పెట్టారు, అసిస్టెంట్ టీచర్‌గా రావొచ్చని. దానికి టీచర్ అర్హత సర్టిఫికెట్ ఉండి తీరాలి. హాగ్వాన్ అనే వాళ్ల ప్రైవేటు ట్యూషన్ సెంటర్లలో చెప్పే కెనడా పిల్లగాడికి అది లేకున్నా నడుస్తది!

ఈ ఏడు దేశాలు "ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న దేశాలు" అంటరు. సరే, దక్షిణాఫ్రికాను చూద్దాం. 2022 జనాభా లెక్కల్లో అక్కడ ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడేవాళ్లు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. ఎక్కువ ఇళ్లలో వినిపించేది జులు, ఖోసా, ఆఫ్రికాన్స్. జులు మాట్లాడే అన్న మీద మాకేం కోపం లేదు, ఆయన కూడా మన లాంటోడే. ఆయన దగ్గర ఏం అడుగుతారంటే, చదువు ఇంగ్లీష్‌లో సాగిందని ఒక కాగితం. న్యాయమే. అదే కాగితం మేం తెస్తామంటే ఎందుకు చూడరు? మాతృభాష అన్నది ఉత్త మాట. చూస్తున్నది పాస్‌పోర్టు. ఏ తల్లి కడుపున ఎక్కడ పుట్టావని అడిగి అర్హత తేల్చే పద్ధతి మనకు కొత్తగా పరిచయం చెయ్యాలా?

ఇది మా ఒక్కరి గొడవ కూడా కాదు. టెసోల్ అనే అంతర్జాతీయ ఇంగ్లీష్ టీచర్ల సంఘమే ఈ వివక్ష తప్పని 2006లో ప్రకటన ఇచ్చింది. ప్రకటన వచ్చి ఇన్నేళ్లయినా వీసా రూలు అట్లనే ఉంది.

అసలు ఇంగ్లీష్ ఎవరు బాగా చెప్తరు? మన పిల్లగాడు ఇంట్లో కోయ, బడిలో తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీష్ నేర్చుకున్నడు. కొరియన్‌లో క్రియ వాక్యం చివర వస్తది, మన గోండిలో, కోయలో, తెలుగులో వచ్చినట్టే. ఇంగ్లీష్ 'ది', 'ఏ' లాంటి మాటలు వాళ్ల భాషలోనూ లేవు, మన దాంట్లోనూ లేవు. కొరియా పిల్ల ఎక్కడ తడబడుతుందో మనకు ముందే తెలుసు, ఎందుకంటే ఎనిమిదో తరగతిలో మనమూ అక్కడే తడబడ్డాం. 'మేము', 'మనము' రెండూ ఇంగ్లీష్‌లో ఒకటే మాట ఎట్లయితదని బుర్ర గోక్కున్నోళ్లం. పుట్టుకతో ఆ భాష వచ్చినోడికి ఆ ప్రశ్నే పుట్టదు. కష్టపడి నేర్చుకున్నోడికి నేర్పే దారి తెలుస్తది. దీన్ని లోపం అంటున్నారు చూడండీ, అక్కడ మండుతది మాకు.

ఇక మన దగ్గరే ఇంకో దందా. "మీ యాస పోవాలి, మీ నోట్లో గూడెం వాసన రావొద్దు" అని వేలకు వేలు గుంజే కోచింగ్ సెంటర్లు. ఉచ్చారణ స్పష్టంగా ఉండాలి, కాదనం. కానీ అమెరికా యాస పట్టినంత మాత్రాన పాస్‌పోర్టు రంగు మారదు కదా. ఆన్‌లైన్‌లో బటన్లు నొక్కితే వచ్చే "120 గంటల" సర్టిఫికెట్ ఇంకో మాయ. కేంబ్రిడ్జ్ వాళ్ల సెల్టా కూడా 120 గంటలదే, అయితే అందులో నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పాలి, పక్కన కూర్చుని చూసేవాళ్లుంటారు. రెండూ ఒకటే అని చెప్పేటోడు అబద్ధమాడుతున్నట్టే.

దారులే లేవా అంటే ఉన్నయ్. ఒకప్పుడు హైలే సెలాసీ కాలంలోనే ఇథియోపియా బడుల్లో భారతీయ టీచర్లు పాఠాలు చెప్పారు, అందులో కేరళవాళ్లు చాలామంది. తర్వాత మన తెలుగు లెక్చరర్లు కూడా అక్కడి యూనివర్సిటీలకు పోయారు. మాల్దీవుల బడుల్లో, గల్ఫ్‌లోని సీబీఎస్ఈ స్కూళ్లలో మనోళ్లు ఇప్పటికీ పనిచేస్తున్నారు. థాయిలాండ్‌లో టోయిక్ లాంటి పరీక్షలో 600 మార్కులు చూపించమంటరు. ఫిలిప్పీన్స్ టీచర్లు అట్లనే వేలల్లో అక్కడ ఉన్నారు. పరీక్ష పెట్టనీ, రాస్తం. పరీక్షకు మేం ఎప్పుడూ భయపడలేదు.

భయపడాల్సింది ఏజెంటుకు. 1/70 ఉంది కాబట్టి మన భూమి బయటోడి పేరు మీదికి పోదు, అందుకే వాడి కన్ను ఎడ్ల మీద, అమ్మ మెడలో వెండి మీద, డ్వాక్రా లోన్ మీద పడుతది. 1983 వలస చట్టం కింద రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోగలిగేది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. రెండు లక్షలు, మూడు లక్షలు అన్నోడి లైసెన్స్ నంబర్ అడిగి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో మీరే కొట్టి చూడండి. "ముందు టూరిస్ట్ వీసా మీద పో తమ్మీ, అక్కడికి పోయినంక మారుస్తం" అన్నాడంటే అక్కడ్నించే లేచి రండి. 2024లో విశాఖ వైపు యువకులు కంబోడియా సైబర్ మోసాల ముఠాల చేతుల్లో ఇరుక్కున్నది కూడా మంచి ఉద్యోగం అన్న మాట నమ్మే.

టామ్‌కామ్ ప్రభుత్వ సంస్థ, విదేశీ ఉద్యోగాల కోసమే పెట్టింది. నర్సులకు, డ్రైవర్లకు చేసినట్టు మన బీఈడీ పిల్లలకు ఏం చేస్తారో చెప్పాలి. ఐటీడీఏలు పీవోలు మారినప్పుడల్లా ఇంకో "స్పోకెన్ ఇంగ్లీష్" క్యాంపు పెట్టి ఫొటోలు దిగే బదులు, సెల్టా ఫీజు, టోయిక్ ఫీజు కట్టండి. మా పిల్లలకు కావాల్సింది అదే. ప్రతి ఐటీడీఏకి రాతపూర్వకంగా అర్జీ పెడదాం. నమూనా తయారు చేస్తున్నాం, సోమవారం గ్రీవెన్స్‌కు పోయేటోళ్లు కింద ఊరి పేరు రాయండి.

మాల్దీవులు, గల్ఫ్, ఇథియోపియా పోయొచ్చిన అన్నలూ అక్కలూ, మీరు కూడా రాయండి. ఫొటోలు వద్దు. కాంట్రాక్టులో జీతం ఎంతని రాసింది, చేతికి ఎంత వచ్చింది, రూమ్ ఎవరిచ్చారు, పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచారా లేక వాళ్లు పెట్టుకున్నారా, ఈ నాలుగూ చెప్పండి చాలు.