మన గాలిని కొలుచువా రెవరు?



బాగలూరు నుండి బేరిగైకి వచ్చు దారిలో టిప్పరు లారీ యొకటి పోయిన పిమ్మట, ఎదుటి మనిషి కానవచ్చుటకు కొంతసేపు పట్టును. పూర్వము మా అంగడిలో త్రాసు తట్టలను ఉదయ మొకమారు తుడిచిన చాలుచుండెడిది. ఇప్పుడు మధ్యాహ్నము లోపల మూడుమారులు తుడువవలసి వచ్చుచున్నది. తట్టలోని ధూళి తుడిచిన పోవును. మన బిడ్డల ఊపిరితిత్తులలో చేరిన ధూళిని ఏ గుడ్డతో తుడువగలము?

ఈ మాట వినగానే కొందరు పెద్దలు నవ్వుదురు. "పల్లెకు దుమ్ము క్రొత్తయా? మన తాతలు బండిదారిలో నడచియే ముదిమి వరకు బ్రతికిరి గదా!" అందురు. అయ్యా, తాతలు పీల్చినది ఎద్దుబండి రేపిన మట్టి. మనము పీల్చుచున్నది రాతిని పిండిచేసిన పొడి, డీజిలు పొగ, ప్లాస్టిక్కు కాల్చిన మసి. రాతిపొడిలోని సిలికా దీర్ఘకాలము లోనికి పోయినచో సిలికోసిస్ అను వ్యాధి కలుగును. దానిని పూర్తిగా మాన్పు మందు లేదు. మల్బరీ ఆకుపై దుమ్ము పడినచో కడుగక పట్టుపురుగులకు వేయము. పురుగుపై చూపు శ్రద్ధ మనుష్యునిపై చూపనక్కరలేదా?

ప్రభుత్వ మేమియు చేయలేదని నేను అనను. 1981లో వాయు కాలుష్య నివారణ చట్టము వచ్చెను. 2009లో గాలియందలి కణములకు పరిమితులు నిర్ణయించిరి. 2016లో పేదల వంటయింటి పొగ తగ్గించుటకు ఉజ్జ్వల పథకము క్రింద గ్యాసు కనెక్షను లిచ్చుట ఆరంభించిరి. 2020 ఏప్రిల్ 1 నుండి వాహనములకు భారత్ స్టేజ్ 6 నియమము పెట్టిరి. ఇవి మంచి పనులే. మంచిని మంచి యనుట మన ధర్మము.

నా వాదము 2019 జనవరిలో ఆరంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమమును గూర్చి. 2017 నాటి స్థితితో పోల్చి 2024 నాటికి గాలిలోని ధూళికణములను 20 నుండి 30 శాతము తగ్గించవలెనని మొదట సంకల్పించిరి. పిమ్మట 2025-26 నాటికి 40 శాతమని గురి పెంచిరి. సంకల్పము గొప్పది. కాని అది ఎవరికొరకు? 131 నగరముల కొరకు. ఆ పట్టికలో మన పొరుగున నున్న బెంగుళూరు కలదు. చిత్తూరు కలదు. తమిళనాడున చెన్నై, మదురై, తిరుచ్చి, తూత్తుకుడి కలవు. ఇన్ని కర్మాగారములు గల హోసూరు లేదు. ఇక బేరిగై మాట చెప్పనేల?

బెంగుళూరు మేడలకు జల్లియు, ఇసుకకు బదులు వాడు రాతిపొడియు మన జిల్లా గుట్టల నుండి కూడ పోవుచున్నవి. రాయి వారికి, ధూళి మనకు. ఆ ధూళి నణచు నిధులు మాత్రము మరల వారికే! బెంగుళూరు బిడ్డలకు మంచి గాలి వలదని నేను అనుట లేదు. గుట్టను పిండి చేసిన చోట నివసించువారిని మరచుట ఏమి న్యాయమని అడుగుచున్నాను.

ఈ పట్టిక కెక్కిన నగరములలో హెచ్చుభాగము గాలిని కొలిచి, వరుసగా ఐదేండ్లు పరిమితి మించినదని తేల్చినవి. కొలిచిన చోటనే దోషము తేలును. పల్లెలలో కొలుచు కేంద్రములు బహు స్వల్పము. మా వర్తకములో తూకము వేయని సరకునకు పద్దు వ్రాయము. అంతమాత్రమున సరకే లేదనము. ప్రభుత్వము మాత్రము కొలువని గాలిని నిర్మలమైన గాలి క్రింద జమకట్టుచున్నది.

పోనీ, నగరములకైనను ఆ ధనము సక్రమముగా వినియోగమైనదా? ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రము 2024లో లెక్కలు పరిశీలించి, ఈ నిధులలో 64 శాతము రోడ్ల ధూళిపైననే వ్యయమైనదనియు, పరిశ్రమల పొగ నరికట్టుటకు ఒక శాతమైనను ఖర్చు కాలేదనియు తెలిపెను. పిండిమర నడచుచుండగా గుమ్మము ఊడ్చినచో ఇల్లు శుభ్రమగునా?

క్రషర్లకు నియమములు లేవా? కలవు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమములను అనుసరించి ధూళిని పుట్టినచోటనే అణచు ఏర్పాటుండవలెను. గాలిని అడ్డగించు గోడ కట్టవలెను. ఆవరణలోని దారులు గట్టిచేసి, నేలను ఊడ్చి తడుపవలెను. చుట్టును చెట్లు పెంచవలెను. ఈ నాలుగింటిని చూచుటకు శాస్త్రజ్ఞులు రానక్కరలేదు. కన్నులున్న వారెవరైనను చూడవచ్చును.

చట్టము కోరలను కూడ అరగదీసిరి. మండలి అనుమతి నియమములను, ఆదేశములను మీరిన వారికి 1981 చట్టము క్రింద ఒకటిన్నర సంవత్సరము నుండి ఆరేండ్ల వరకు కారాగారశిక్ష ఉండెడిది. 2023లో చేసిన సవరణ 2024 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చి, ఆ శిక్షకు బదులు 10 వేల నుండి 15 లక్షల రూపాయల వరకు జరిమానా మిగిలెను. నేను వర్తకుడను గనుక చెప్పుచున్నాను: జరిమానాను ఖర్చు పద్దులో వ్రాసి సరకు ధరపై వేసికొనవచ్చును. జైలును ఏ పద్దులో వ్రాయుదురు?

"క్రషర్లు మూసినచో కూలివారి గతి యేమి?" అని ఒక ప్రశ్న. మూయుమని ఎవరనిరి? గోడ కట్టుమని, నీరు చల్లుమని, లారీపై పట్టా కప్పుమని అడుగుచున్నాము. ఆ కూలివాడే అందరికంటె ముందుగా ఆ పొడి పీల్చుచున్నాడు.

ఇక మన తప్పు కూడ చెప్పవలెను. ఒక కార్యాలయమునకు నేను తెలుగున అర్జీ తీసికొని పోగా, "ఇది ఎవరు చదువుదురు?" అని త్రిప్పి పంపిరి. నేను తల వంచుకొని వచ్చితిని. అది నా అజ్ఞానము. రాజ్యాంగము 350వ అధికరణమును అనుసరించి, కేంద్రములో గాని రాష్ట్రములో గాని వాడుకలో నున్న ఏ భాషయందైనను కష్టనివారణకు అర్జీ పెట్టుకొను హక్కు ప్రతి మనిషికిని కలదు. ఇది తమిళముపై ద్వేషము కాదు. తరతరములుగా తమిళ, కన్నడ సోదరులతో కలసి బ్రతుకుచున్నాము. వారును ఈ ధూళినే పీల్చుచున్నారు. కాని పర్యావరణ విచారణ ప్రకటన మన అవ్వలకు అర్థము కాని భాషలో గోడ కంటించి, "ఎవరును అభ్యంతరము చెప్పలేదు" అని వ్రాసికొనుట ప్రజాభిప్రాయ మనిపించుకొనదు.

వేరొక తప్పు మా వర్తకులది. సంత ముగిసిన రాత్రి అట్టపెట్టెలు, ప్లాస్టిక్కు సంచులు ప్రోగుచేసి అంగడి ముందే అంటించుచున్నాము. 2016 నాటి చెత్త నిర్వహణ నియమములే దీనిని నిషేధించినవి. మన చేతి అగ్గిపుల్ల ఆర్పక పరుల పొగను నిందించుటకు మనకు నోరు చాలదు. నా అంగడి ముందు ఈ పని మానితిని. తక్కినవారును మానవలెను.

కాలుష్యము లేని గాలి జీవించు హక్కులో భాగమని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ తీర్పు నగరవాసులకే అని ఎచ్చటను లేదు. కావున రానున్న గ్రామసభలో మనము మూడు కోరికలు వ్రాతమూలకముగా ఉంచవలెను. హోసూరును, క్రషర్లున్న పల్లెలను ఆ కార్యక్రమములో చేర్చి మన గాలిని కొలువవలెను. క్రషర్ల నియమములను గ్రామస్థుల యెదుట తనిఖీ చేయవలెను. విచారణ ప్రకటనలు తెలుగున కూడ ఇయ్యవలెను.

అర్జీని తెలుగున వ్రాసి, తమిళ ప్రతి జతచేసి, రసీదు అడిగి తీసికొనుడు. రసీదు లేని అర్జీ చెల్లని నాణెము. ఇంటికొక సంతకము చొప్పున మా అంగడికి తెచ్చి యిండు. త్రాసు ప్రక్కనే కాగితము పెట్టియుంచెదను.

— బేరిగై వర్తకుడు