విదేశయాత్రయా, విద్యాయాత్రయా?

మన పట్టణములయందలి కొన్ని ప్రైవేటు పాఠశాలలు విదేశ విజ్ఞానయాత్రల పేర ప్రకటనలు చేయుచున్నవి. లండను, పారిసు మొదలగు నగరముల చిత్రములతో అందమైన కరపత్రములు తల్లిదండ్రుల చేతికి వచ్చును. ఇన్ని దినములలో ఇన్ని కోటలు, ఇన్ని ప్రదర్శనశాలలు చూపెదమని వానియందు వ్రాసియుండును. అడిగిన సొమ్ము చెల్లింపగలవారి బిడ్డలు విమానమెక్కుదురు. చెల్లింపలేనివారి బిడ్డలు తరగతిగదిలో కూర్చుందురు. దీనికి విద్యయని పేరు పెట్టుట న్యాయమా?

విదేశగమనమును నేను నిందించుటలేదు. సముద్రము దాటినచో కులము చెడునని వాదించిన పూర్వాచారపరాయణులతో మన సంస్కర్తలు పోరాడిరి. ఆ పోరాటఫలమును కాదనువాడు మూఢుడు. కాని అడ్డు తొలగినంతమాత్రమున జ్ఞానము దానంతటదియే వచ్చి చేరదు. చూడవలసినదానిని చూచుటకు ముందుగా కన్ను సిద్ధము కావలయును.

"బిడ్డలకు లోకజ్ఞానము కలుగును గదా" యని యాత్రాపక్షపాతు లనుచున్నారు. ఆ మాటను ఒక్క స్థలమున పరీక్షింతము. లండనులోని బ్రిటిషు మ్యూజియమునకు పోయిన బాలుడు ఐగుప్తుదేశపు శవపేటికలను, రొసెట్టా శిలను చూచి, వాని యెదుట నిలిచి చిత్రము తీయించుకొని వచ్చును. ఆ భవనముననే మన అమరావతీస్తూపపు శిల్పములు సుమారు 120 కలవు. వానికై 1992లో ప్రత్యేకముగా నొక గది తెరవబడినది. సుమారు 2,000 సంవత్సరముల క్రిందట కృష్ణాతీరమున మన శిల్పులు పలనాటి సున్నపురాతిలో మలచిన బొమ్మలవి. కరపత్రమున వాని పేరున్నదా? వెంటబోవు ఉపాధ్యాయునకు వాని కథ తెలియునా?

ఆ కథ ఒక పెద్ద పాఠము. పదునెనిమిదవ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరావతిలో పట్టణము కట్టించునపుడు స్తూపపు రాళ్లు కట్టడములకు పోయినవి. ఆ కాలముననే కాలిన్ మెకంజీ దొర దిబ్బను చూచి, 1816లో మరల వచ్చి శిల్పములకు చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఎలియటు దొర త్రవ్వించిన రాళ్లు మదరాసునకు చేరినవి. 1859లో వానిలో పెక్కు లండనునకు ఓడపై పోయినవి. 1880లో బ్రిటిషు మ్యూజియమునకు వచ్చినవి. ఇందులో దోషి యెవ్వడు? తన స్తూపమును తానే రాతిగనిగా వాడుకొన్న దేశమా, పరిపాలకుడనను బలముతో తరలించుకొనిపోయిన పరదేశమా? కాపాడినవాడు యజమాని యగునా? ఈ ప్రశ్నలను ఆ రాళ్ల యెదుట నిలిచి వాదించుకొన్న బాలునకు చరిత్ర యనగా నేమో తెలియును. వాని ప్రక్కగా పరుగెత్తి అంగళ్లకు పోయిన బాలునకు లండనును ఒకటే, సంతయును ఒకటే.

అంతకన్న వింత యేమనగా, ఆ బాలుడు అమరావతిని చూచియుండకపోవచ్చును. గుంటూరునుండి అది సుమారు 35 కిలోమీటర్లు. అచ్చట స్తూపపు పునాది నేటికిని కలదు, ప్రదర్శనశాలయు కలదు. ఒక్క బస్సులో, ఒక్క దినమున, తరగతిలోని బిడ్డలందఱును పోయి రావచ్చును. పునాదిని చూడనివాడు దూరదేశమున దాని పలకలను చూచి గ్రహించున దేమి?

"ధనము గలవాడు తన బిడ్డకు వెచ్చించుకొన్న నీకేమి?" యని కొంద ఱడుగుదురు. తండ్రి తన బిడ్డను వెంటబెట్టుకొని ఎచ్చటికి పోయినను నా కేమియు లేదు. కాని పాఠశాల పేరు, ఉపాధ్యాయుని కాలము, తరగతి దినములు అందఱి సొత్తు. వానిని కొందఱికే వినియోగించి, తిరిగివచ్చినవారిచేత తక్కినవారి యెదుట ఉపన్యాసము లిప్పించుట పాఠశాల చేయదగిన పని కాదు. ఒకే బల్లపై కూర్చుండు బిడ్డల నడుమ కులభేదమును తొలగింప యత్నించిన మనము ధనభేదమును చేతులార ప్రతిష్ఠించుచున్నాము.

యాత్ర యెట్లుండవలయునో మన భాషలోనే నిదర్శనము కలదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మదరాసునుండి కాశికి బయలుదేరి, దారి పొడవునను బాటలను, నదులను, ప్రజల యాచారములను దినదినమును వ్రాసికొనిరి. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్రచరిత్ర అట్లు పుట్టినదే. బాలుని చేతికి కొనుగోళ్ల సొమ్ముకు బదులు ఒక దినచర్యపుస్తకము నిచ్చినచో యాత్రాఫలము నిలుచును.

కావున తల్లిదండ్రులారా, సొమ్ము చెల్లించుటకు ముందు పాఠశాలాధికారులను మూడు ప్రశ్న లడుగుడు. మా బిడ్డలకు స్వదేశమున ఏ స్థలములు చూపితిరి? పోవు చోటును గూర్చి ముందుగా ఎన్ని పాఠములు చెప్పితిరి? సొమ్ము లేని బిడ్డను వెంట తీసికొనిపోవుట కే యేర్పాటు చేసితిరి? మూడింటికిని సమాధానము లున్నచో సంతోషముతో పంపుడు. లేనిచో అది విహారమని ఒప్పుకొని, పాఠశాల పేరును దానినుండి తొలగింపుమని నిర్బంధింపుడు. విహారము తప్పు కాదు. విహారమును విద్యయని అమ్ముట తప్పు.