గవర్నరు ఎన్నికా, ఆడవాళ్ళ ఓటూ

అమెరికాలో స్త్రీలకు ఓటుహక్కు 1920లో వచ్చిందని మనం శిక్షణా శిబిరాల్లో చెప్పుకుంటాం. అంతకు నూట ఇరవై ఏళ్ళ ముందే న్యూజెర్సీ రాష్ట్రంలో స్త్రీలు ఓటు వేశారనీ, ఆ హక్కును వాళ్ళ దగ్గర్నుంచి లాక్కున్నారనీ చెప్పుకోం.

1776 నాటి న్యూజెర్సీ రాజ్యాంగం యాభై పౌండ్ల ఆస్తి ఉన్న నివాసులందరికీ ఓటు ఇచ్చింది. ఆడా మగా, నలుపూ తెలుపూ అనలేదు. 1797 ఎన్నికల చట్టం ఓటరును 'అతను లేక ఆమె' అనే పేర్కొంది. అయితే భార్య ఆస్తి భర్తదే కాబట్టి ఓటు దక్కింది ముఖ్యంగా అవివాహితలకూ, వితంతువులకూ.

గవర్నరును ప్రజలు నేరుగా ఎన్నుకునేవారు కాదు. వాళ్ళు ఎన్నుకున్న అసెంబ్లీ, కౌన్సిల్ కలిసి కూర్చుని ఏటేటా ఎన్నుకునేవి. 1802లో ఫెడరలిస్టు అభ్యర్థి రిచర్డ్ స్టాక్టన్‌కు 26, రిపబ్లికన్ జోసెఫ్ బ్లూమ్‌ఫీల్డ్‌కు 26 ఓట్లు వచ్చాయి. ఎటూ తేలలేదు. ఏడాది పాటు గవర్నరే లేడు. కౌన్సిల్ ఉపాధ్యక్షుడు జాన్ లాంబర్ట్ ఆ పని చూశాడు. ఒక్క సభ్యుడు అటో ఇటో అయితే గవర్నరే మారిపోయే చోట, ఏదో కౌంటీలో ఒక వితంతువు వేసే ఓటుకు ఎంత విలువ!

ఆ విలువ తెలిసే రెండు పార్టీలూ స్త్రీలను పోలింగుకు రమ్మన్నాయి. ఓడినప్పుడు నిందా వాళ్ళమీదే వేశాయి. 1807లో ఎసెక్స్ కౌంటీ కోర్టు భవనం ఎక్కడ కట్టాలన్న ఓటింగులో విపరీతంగా దొంగ ఓట్లు పడ్డాయి. మగవాళ్ళు ఆడవేషాలతో వచ్చి మళ్ళీ ఓటేశారని కూడా ఆరోపణ. మరి శిక్ష ఎవరికి పడింది? ఆ ఏడాది నవంబరులో చట్టసభ, పన్ను కట్టే తెల్లజాతి మగ పౌరులకే ఓటు అంది. పేద తెల్ల మగవాళ్ళకు తలుపు తీసిన ఆ చట్టమే స్త్రీలకూ, నల్లవారికీ మూసేసింది. రాష్ట్ర భద్రత, గౌరవం కోసమే ఇదంతా అని పీఠికలో రాసుకున్నారు. దీనికి నాయకత్వం వహించిన జాన్ కాండిక్ట్, 1797లో ఎలిజబెత్‌టౌన్ స్త్రీల ఓట్లతో ఓటమి అంచుదాకా వెళ్ళినవాడు!

1844లో కొత్త రాజ్యాంగం గవర్నరును ఎన్నుకునే హక్కు ప్రజలకిచ్చింది. ప్రజలంటే తెల్ల మగవాళ్ళే. ప్రజాస్వామ్యం విస్తరించిందని చరిత్ర పుస్తకాలు రాసేది ఇలాంటి ఘట్టాల గురించే.

1807లో రాజ్యాంగాన్ని మార్చలేదు. ఒక మామూలు చట్టం సరిపోయింది. స్త్రీలకు ఓటుంది గానీ చట్టసభలో ఒక్క స్త్రీ లేదు, అడ్డుపడటానికి తమదైన సంఘమూ లేదు. హక్కు కాగితం మీద ఉంటే చాలదు. దాన్ని కాపాడుకునే బలం కూడా మన చేతుల్లో ఉండాలి.