నూనె తగ్గింది సరే... పని తగ్గిందా?

2025 ఉగాది ముందురోజు మా అమ్మాయి బెంగళూరు నుంచి వస్తూ ఒక పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చింది. విప్పి చూస్తే అద్దం తలుపున్న చిన్న బీరువాలాంటి పెట్టె. వంటగట్టు మీద మిక్సీ పక్కన ఒదిగిపోయింది. ఎయిర్ ఫ్రయర్, టోస్టర్, అవన్ మూడూ అదేనట. "అమ్మా, ఇక నువ్వు నూనె బాండలి ముందు చెమటలు కక్కుతూ నిలబడే పని లేదు" అంది. ధర అడిగితే మొదట చెప్పలేదు. గట్టిగా అడిగితే తొమ్మిది వేలంది. నా గుండె ఒక్కసారి గుభేలుమంది.

మడకశిర లాంటి ఊళ్లో ఇలాంటి సంగతులు దాగవు కదా! సాయంత్రానికి పక్కింటామె వచ్చేసింది. "ఏమక్కా, నూనె లేకుండా బజ్జీలు అవుతాయంట కదా, మాకూ చూపించు" అని కూర్చుంది. అప్పటినుంచి వీధిలో నన్నడిగే ప్రశ్న ఒక్కటే. "కొనొచ్చా అక్కా?" అని. ఆరునెలలు వాడాక ఆ ప్రశ్నకు జవాబు చెబుదామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒకే వారం, రెండు వార్తలు

మా అమ్మాయి ఈ పెట్టె ఊరికే తేలేదు. 2025 ఫిబ్రవరి 23న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ మన్ కీ బాత్‌లో ఊబకాయం గురించి మాట్లాడుతూ, ప్రతినెలా వాడే వంటనూనెలో పదిశాతం తగ్గించమని జనాన్ని కోరారు. ఆ మాట టీవీలో విని మా ఇంటాయన "విన్నావా, నూనె తగ్గించాలంట" అన్నారు నాతో. తనకు రక్తపోటు ఉంది. తగ్గించాల్సింది తను తినే వేపుళ్లు. చెప్పింది మాత్రం నాకు!

సరిగ్గా రెండు రోజులకు, ఫిబ్రవరి 25న, కేంద్ర గణాంక శాఖ ఇంకో లెక్క బయటపెట్టింది. మనవాళ్లు రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారని 2024లో చేసిన సర్వే అది. జీతం రాని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అంటే ఐదు గంటలకు పదకొండు నిమిషాలే తక్కువ. ఆ పనిలో చెయ్యి వేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. 2019లో చేసిన సర్వేతో పోలిస్తే ఆడవాళ్ల వాటాలో తగ్గింది పది నిమిషాలు మాత్రమే.

మొదటి వార్త మీద ఎంతో చర్చ జరిగింది. రెండోదాన్ని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. కానీ నాకు ఈ రెండూ ఒకటే వార్తలా కనిపించాయి. ఇంట్లో నూనె తగ్గించే బాధ్యత ఎవరిది? ఆ 289 నిమిషాల మనిషిదే కదా!

ఇంతకీ ఈ పెట్టె ఏం చేస్తుంది?

పేరులో వేయించడం ఉంది గానీ ఇది నిజానికి వేయించదు. లోపల పైనా కిందా వేడెక్కే కడ్డీలుంటాయి. ఒక ఫ్యాను ఆ వేడిగాలిని జోరుగా తిప్పుతుంది. పెట్టె చిన్నది కాబట్టి గాలి పదార్థం చుట్టూ గట్టిగా తగిలి పైపొరలోని తడిని లాగేస్తుంది, అందుకే కరకరలాడుతుంది. గాలితో కాల్చే అవన్‌లు పాతవే. ఫిలిప్స్ కంపెనీ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో ఎయిర్ ఫ్రయర్ అనే పేరుతో ఒకటి పెట్టాకే ఆ పేరు ఊరూరా పాకింది.

మరి మన వంటలకు పనికొస్తుందా? కొన్నిటికి బాగా, కొన్నిటికి అసలు కాదు. మా ఇంట్లో మొదటి పరీక్ష ఉగ్గానికి తోడు మిరపకాయ బజ్జీ. ఘోరంగా తప్పింది. జారుగా కలిపిన శనగపిండి కాగిన నూనెలో పడితేనే గడ్డకట్టి పొంగుతుంది. ఇక్కడ కారి పళ్లేనికి అంటుకుపోయింది. అలసంద వడలు గట్టిగా రాళ్లలా వచ్చాయి. అప్పడం పెడితే ఫ్యాను గాలికి ఎగిరి పై కడ్డీకి తగిలి మాడింది. తేలికైనవేవీ లోపల వదులుగా పెట్టకండి.

కానీ బుడ్డలు? అద్భుతం! పచ్చి విత్తనాలకు అర చెంచా నూనె, ఉప్పునీళ్లు పట్టించి 160 డిగ్రీల దగ్గర పన్నెండు, పదిహేను నిమిషాలు. మధ్యలో ఒకసారి కలిపితే చాలు, ఒక్కటీ మాడదు. వేరుశనగ పండే మన సీమలో ఊరుబిండి, చెనక్కాయల పొడి లేకుండా పూట గడవదు కదా. గెణుసుగడ్డలు, వంకాయ, బెండకాయ, మసాలా పట్టించిన కోడిముక్కలు, ముందురోజు మిగిలిన నిప్పట్లను మళ్లీ కరకరలాడించడం, ఇవన్నీ చక్కగా కుదురుతాయి.

ఆరోగ్యం మాటకొస్తే ఒక జాగ్రత్త. నూనె లేదు కదా అని ఆలుగడ్డ ముక్కల్ని నల్లగా మాడ్చకండి. పిండిపదార్థాన్ని ఎక్కువ వేడిలో కాల్చినా వేయించినా అక్రిలమైడ్ అనే చెడు పదార్థం పుడుతుందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2002లో చెప్పారు. ఎయిర్ ఫ్రయర్ దానికి మినహాయింపు కాదు. బంగారు రంగు వచ్చాక ఆపేయడం మేలు. ఇంకో మాట. పెట్టెలో నూనె తగ్గించి, అన్నంలోకి ఊరగాయ నూనె గరిటెలతో పోసుకుంటే ఏం లాభం?

కరెంటు సంగతి ఎవరూ చెప్పరు

మొదటి వారంలోనే నాకు బుద్ధి వచ్చింది. మిక్సీ పెట్టే మామూలు ప్లగ్గులో, దానికో ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి వాడాను. నాలుగో రోజు ప్లాస్టిక్ కాలిన వాసన. చూస్తే బోర్డు కరిగి ఉంది. కరెంటాయన వచ్చి కోప్పడ్డాడు. "అమ్మా, మామూలు ప్లగ్గు ఆరు ఆంపియర్లది. అంటే 1,380 వాట్లకు మించి తట్టుకోలేదు. మీ పెట్టె 1,500 వాట్లు. దీనికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గే ఉండాలి" అన్నాడు. గోడలో పాత సన్న వైరు తీసేసి లావు రాగి వైరు లాగించాం. ఎర్తింగ్ కూడా చూడమన్నాను. వానల్లేని మన నేలలో ఎర్తింగ్ గుంత ఎండిపోతే అది ఉన్నా లేనట్టే. అప్పుడప్పుడు అందులో నీళ్లు పోస్తూ ఉండాలి. పాత ఇళ్లలో ఉండేవాళ్లు పెట్టె కొనే ముందే ఈ ఖర్చు లెక్క వేసుకోవాలి.

ఎండాకాలం ఇంకో తంటా. వోల్టేజి 230 ఉండాల్సిన చోట 180కి పడిపోతే, కడ్డీల వేడి నూటికి అరవై వంతులకు తగ్గిపోతుంది. పుస్తకంలో పదిహేను నిమిషాలని ఉంటే మనకు పాతిక పడుతుంది. "ఈ మిషన్ మంచిది కాదు" అని పక్కింటామె తీర్పు చెప్పింది ఏప్రిల్ సాయంత్రం చూసే! పిండి కొద్దీ రొట్టె అంటారు. ఇక్కడ కరెంటు కొద్దీ వేపుడు.

మిగిలిందెంత?

ఇప్పుడు డబ్బు లెక్క. రోజుకు అరగంట వాడతాను. మధ్యమధ్యలో కడ్డీలు వాటంతటవే ఆరిపోతుంటాయి గనుక రోజుకు అర యూనిట్ పైచిలుకు, నెలకు ఇరవై యూనిట్లు అనుకోండి. మన రాష్ట్రంలో 2022లో సవరించిన శ్లాబుల ప్రకారం ఇళ్లకు 76 నుంచి 125 యూనిట్ల దాకా యూనిట్ నాలుగున్నర రూపాయలు. ఆపైన 225 దాకా ఆరు రూపాయలు. అంటే ఆ ఇరవై యూనిట్లకు తొంభై నుంచి నూట ఇరవై. సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. నూనె నెలకు ఒక లీటరు తగ్గింది. 2025లో మేం కొన్న నూనె లీటరు నూటయాభైకీ రెండువందలకీ మధ్య ఉండేది. గ్యాసు కూడా కాస్త మిగిలింది. అన్నీ కలిపి చూస్తే తొమ్మిది వేలు తిరిగి రావడానికి నాలుగేళ్ల పైమాటే. డబ్బు మిగులుతుందని మాత్రం కొనకండి.

నూనె ధర మన చేతిలో లేదన్నది వేరే సంగతి. దేశానికి కావలసిన వంటనూనెలో 57 శాతం దిగుమతేనని 2024లో ప్రభుత్వమే చెప్పింది. ఆ సెప్టెంబరులో ముడి నూనెల మీద దిగుమతి సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. మరుసటి మేలో 16.5కి తగ్గించారు. పెంచినా తగ్గించినా సర్దుకోవాల్సింది మన వంటిల్లే. ఇంత బుడ్డలు పండే నేల మీద నిలబడి, ఎక్కడినుంచో ఓడలో వచ్చిన పామాయిల్ పాకెట్ కొనుక్కునే ఇళ్లు మన చుట్టూ ఎన్ని లేవు!

అసలు లెక్క ఇదీ

డబ్బు మిగల్లేదు సరే, కనీసం సమయం మిగిలిందా? మొదటి రెండు నెలలూ లేదు. పైగా పెరిగింది! "నూనె లేదు కదా, తప్పేముంది" అని ఈయన రోజూ సాయంత్రం ఏదో ఒకటి అడగడం మొదలుపెట్టారు. ముందు వారానికి రెండుసార్లు వేపుడు చేసేదాన్ని. ఇప్పుడు రోజూ కోయడం, మసాలా పట్టించడం, పళ్లెం నానబెట్టి తోమడం. మా వీధికి కొళాయి నీళ్లు మూడు రోజులకోసారి. అంటుకున్న పళ్లెం తోమడానికి ఎన్ని నీళ్లు కావాలో మీకు తెలియనిది కాదు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అని పుస్తకం రాశారు. అంటే 'అమ్మకు మరింత పని'. వంటింట్లోకి, ఇంట్లోకి కొత్త యంత్రాలెన్ని వచ్చినా గృహిణి పనిగంటలు అనుకున్నంతగా తగ్గలేదని ఆమె వాదన. యంత్రం వచ్చేసరికి ఇంట్లో మిగతావాళ్లు చేసే పని పోయిందిగానీ అమ్మ పని పోలేదట.

అప్పుడు ఒకరోజు నేను ఈయనతో నింపాదిగా మాట్లాడాను. "చూడండి, దీనికి రెండు మరలే ఉన్నాయి. ఒకటి వేడి, ఒకటి టైము. నూనె చిందదు, మంట లేదు, అయిపోతే గంట కొడుతుంది. సాయంత్రం పళ్లెం ఇకనుంచి మీది. కోయడం, పెట్టడం, తోమడం అన్నీ" అన్నాను. ఈయన నవ్వేశారు. నేను నవ్వలేదు.

అత్తమ్మకు కోపం వచ్చింది. "మగోడి చేత వంట చేయిస్తావా?" అంది. నేను బదులు చెప్పలేదు. ఈయన మొదటిరోజు బుడ్డలు బొగ్గులు చేశారు. ఇల్లంతా పొగ. నేను లేచి వెళ్లలేదు. చెప్పొద్దూ, లేవకుండా కూర్చోవడమే అన్నిటికంటే కష్టమైంది. రెండోరోజు సగం మాడ్చారు. నాలుగోరోజుకు చేయి కుదిరింది. ఇప్పుడు మెత్తగా కాలిన గెణుసుగడ్డ కావాలంటే అత్తమ్మ నన్ను పిలవదు, కొడుకునే పిలుస్తుంది. ఆమెకు పళ్లు లేవు మరి! తోమడం మాత్రం ఇంకా సగంసగమే. అక్కడ పోరు నడుస్తూనే ఉంది.

ఇంకో విచిత్రం. తను చేసుకోవాల్సి వచ్చాక ఈయన రోజూ చిరుతిండి అడగడం మానేశారు. వారానికి మూడుసార్లకు దిగింది. నూనె నిజంగా తగ్గింది అప్పటినుంచే!

కాబట్టి "కొనొచ్చా అక్కా" అనే చెల్లెళ్లకు నా జవాబు ఇది. ఇంట్లో ఇద్దరో ముగ్గురో ఉంటే పనికొస్తుంది. ఎనిమిదిమంది ఉన్న ఇంట్లో మూడు వాయిలు కాల్చేసరికి మొదటి వాయి చల్లారిపోతుంది, పొయ్యే నయం. పవర్ ప్లగ్గు, ఎర్తింగ్ సరిగా ఉంటేనే ఆలోచించండి. అప్పు చేసి మాత్రం వద్దు. నూనె తగ్గించడానికి పెట్టెతో పనిలేదు, వేపుడు బదులు తాలింపు కూర చేసినా తగ్గుతుంది.

అన్నిటికంటే ముందు ఇంట్లోవాళ్లను ఒక ప్రశ్న అడగండి. "దీన్ని వాడేది ఎవరు?" అని. అందరూ మీవైపే చూస్తే, ఆ తొమ్మిది వేలు పోస్టాఫీసులో మీ పేరున వేసుకోండి.