గుత్తి ఎండలో ఒక పరీక్ష

రైల్వే యార్డులో రాత్రంతా గురగురమనే ఇంజను ఒకటి ఉంటుంది. నాలుగు పెట్టెలు లాగి, రెండు తోసి, పాయింట్స్‌మన్ పచ్చదీపం ఊపేదాకా నిలబడి డీజిల్ తాగుతూ ఉంటుంది. ఊరు దాటని ఈ బండే షంటింగ్ ఇంజను.

దీని మూలపురుషుడికి పేరు కూడా లేదు, 8835 అన్న నంబరు తప్ప. జనరల్ ఎలక్ట్రిక్, ఇంగర్‌సోల్-రాండ్ కంపెనీలు కలిసి చేసిన 300 హార్స్ పవర్ నమూనా అది. 1924లో దాన్ని అమెరికాలో రైలు కంపెనీల యార్డుల చుట్టూ తిప్పి చూపించారు. బొగ్గుపొగ భరించలేక న్యూయార్క్ 1923లోనే ఆవిరి ఇంజన్లపై నిషేధ చట్టం తెచ్చింది. అందుకే గిరాకీ. ఆల్కో కంపెనీ కూడా చేయి కలిపాక 1925లో అమ్ముడైన 1000 నంబరు ఇంజను 1957 దాకా పనిచేసింది. ఇప్పుడు బాల్టిమోర్ మ్యూజియంలో ఉంది.

అక్కడ పొగ బాధ. అనంతపురానిది నీటి బాధ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే గతి అయిన నేల మీద ఆవిరి ఇంజను వేల గాలన్లు తాగేది. బిందెతో కుళాయి దగ్గర నిలబడ్డ మనిషికి ఆ దృశ్యం ఎలా ఉండేదో! డీజిల్ వచ్చాక ఆ దాహం తీరింది. ఆ జిల్లాలోని గుత్తి డీజిల్ షెడ్డు దశాబ్దాలపాటు ఆ ఇంజన్ల బాగోగులు చూసింది.

ఇప్పుడు మెయిన్ లైన్లపైకి తీగలొచ్చాయి. కానీ క్రేన్లతో సరుకెక్కించే సైడింగుల్లో తీగ వేయలేరు. అక్కడ షంటింగ్ ఇంజనుకు డీజిలే దిక్కు. నిజానికి డీజిల్ అంటాం గానీ, చాలా ఇంజన్లలో చక్రం తిప్పేది కరెంటే. డీజిల్ జనరేటరును తిప్పుతుంది, ఆ కరెంటు మోటార్లను తిప్పుతుంది. అంటే తన పవర్‌హౌస్‌ను తానే మోసుకు తిరిగే ఎలక్ట్రిక్ ఇంజను! ఆ పవర్‌హౌస్ దించి బ్యాటరీ ఎక్కిస్తే మోటార్లు ఉన్నచోటే ఉంటాయి. ఊరికే నిలబడ్డప్పుడు చమురు కాలదు కూడా.

ఇది పగటికల కాదు. తీగ ఉన్నచోట కరెంటుతో, లేనిచోట బ్యాటరీతో నడిచే 'నవదూత్'ను జబల్‌పూర్ డివిజన్ 2020లోనే తయారుచేసింది.

అలాంటి బ్యాటరీ నమూనా ఒకటి గుత్తికీ కావాలి. ఇంజను విప్పి బిగించడం తెలిసిన చేతులు ఇక్కడున్నాయి. బ్యాటరీ నింపే ఎండకు కొరతే లేదు. నంబులపూలకుంటలో ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల సౌర కేంద్రం 2016 నుంచీ ఉంది. ఎండ బ్యాటరీకి పడదని ఇంజనీర్లు అభ్యంతరం చెబుతారు. నిజమే, వేడికి దాని ఆయుష్షు తగ్గుతుంది. చల్లటి ఊళ్లో పరీక్ష పెట్టి పాసు చేస్తే మాత్రం ఏం లాభం? మే నెలలో గుత్తి కోట కింద నిలిచిన బ్యాటరీ దేశంలో చాలాచోట్ల నిలుస్తుంది.

రైల్వే బోర్డు ఒక్క పాత షంటింగ్ ఇంజనును గుత్తికి అప్పగించి, రెండు ఎండాకాలాలు గడువివ్వాలి.