బీపీ అంటే కోపం కాదండీ

టీములో ఎవడైనా గట్టిగా అరిస్తే "వాడికి బీపీ ఎక్కువ" అంటాం. రిలీజు రోజు బగ్గు బయటపడితే "నాకు బీపీ తెప్పించకండ్రా" అంటాం. ఇలా వాడీ వాడీ బీపీ అంటే కోపం అని బుర్రలో ఫిక్సయిపోయింది. నా గొడవంతా ఆ మాట మీదే.

మా నాన్నగారు గొంతు పెంచగా నేనెప్పుడూ చూడలేదు. ఇంటర్లో నా లెక్కల మార్కులు చూసి కూడా "సర్లే, ముందు భోంచెయ్" అన్న మనిషి. ఆయనకి 160/100 ఉందని డాక్టరు చెబితే "ఈయనకి బీపీ ఏంటండీ, ఉంటే గింటే మా అమ్మకుండాలి" అని జోకేసింది నేనే. నాలుగు నెలలు మాత్రలు వేసుకున్నారు, 128/80కి దిగింది. "తగ్గిపోయిందిగా" అని మానేశారు. నేనూ సరే అన్నాను! క్లీనప్ జాబు నడుస్తోంది కాబట్టి డిస్కు ఖాళీగా ఉంది. ఖాళీగానే ఉంది కదా అని ఆ జాబు ఆపేసినవాణ్ణి మనం ఆఫీసులో ఏమంటాం?

ఓరోజు పొద్దున్న చొక్కా గుండీలు పెట్టుకోబోతే ఆయన కుడిచెయ్యి మాట వినలేదు. చిన్న స్ట్రోకే అన్నారు. ఇప్పుడు నడుస్తున్నారు, తింటున్నారు. సంతకం మాత్రం మారిపోయింది, బ్యాంకులో మళ్ళీ కొత్తది ఇవ్వాల్సొచ్చింది.

కోపమొస్తే బీపీ కాసేపు పెరిగే మాట నిజమే. కానీ దిగుతుంది. జబ్బంటే ఆ దిగకపోవడమే. తలనొప్పి, కళ్ళు తిరగడం లాంటి హెచ్చరికలేవీ చాలామందికి ఉండవు. లోపల్లోపల మెదడు, గుండె, కిడ్నీలు, కళ్ళు దెబ్బతింటూ ఉంటాయి. కొలిస్తే తప్ప తెలీదు. "వయసుకి ఆ మాత్రం ఉంటుందిలే" అనే మాట ఒకప్పుడు డాక్టర్లూ నమ్మారు. అమెరికాలో 1948లో మొదలైన ఫ్రామింగ్‌హామ్ పరిశోధన లాంటివి వచ్చాకే ఆ నమ్మకం పోయింది. మన ఇళ్ళల్లో ఇంకా పోలేదు.

నాన్నగారి గొడవయ్యాక నేనూ చూపించుకున్నాను. 28 ఏళ్ళకి 146/94. ఎంత హాయిగా ఉన్నానో అప్పటిదాకా! మరోరోజు చూసినా దాదాపు అంతే. మన దగ్గర మామూలుగా 140/90 నుంచి హైబీపీ కింద లెక్క, అమెరికాలో 2017 నుంచి 130/80కే అంటున్నారు. ఇంటికి మిషను కొన్నాను. అరగంట ముందునుంచీ కాఫీ, సిగరెట్టు లేకుండా, ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్ళు నేలకానించి కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, మాట్లాడకుండా చూసుకోవాలి. మీటింగులోంచి పరిగెత్తుకొచ్చి చూసుకున్న అంకె దేనికీ పనికిరాదు.

అన్నిటికంటే కష్టమైంది ఉప్పు. రోజుకి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే సుమారు ఒక టీస్పూను. అందులోనే ఆవకాయ, అప్పడం, క్యాంటీన్ సాంబారు, అర్ధరాత్రి చిప్స్ ప్యాకెట్టు అన్నీ సర్దుకోవాలి. మా అమ్మ దృష్టిలో ఇది అన్నం కాదు, పథ్యం. మజ్జిగలో ఉప్పు మానేశాను, ఆవకాయ ఆదివారాలకి మార్చాను, లిఫ్టు మానలేకపోయినా రోజూ నడుస్తున్నాను. ఇంట్లో చూసుకుంటే మొన్న వారం సగటు 134/86. ఇంకా తగ్గకపోతే మాత్ర మొదలెడదాం అన్నారు డాక్టరు. మొదలెడితే ఆయన చెప్పేదాకా ఆపను.

నిన్న రాత్రి ఫోన్లో "మాత్ర వేసుకున్నారా నాన్నా" అంటే మొదటిసారి నామీద విసుక్కున్నారు. "రోజూ ఇదేం ప్రశ్నరా!"

వేసుకున్నారట.